ఎం66 దగ్గర కొత్త చుక్క: సూపర్‌నోవానా, గ్రహశకలమా?

ప్రశ్న:
అనంతపురం దగ్గర మా పొలంలో 8 అంగుళాల దూరదర్శినికి కెమెరా అమర్చి, సింహరాశిలోని ఎం66 గెలాక్సీని ఈ నెలలో మూడు రాత్రులు ఫోటోలు తీశాను. మూడవ రాత్రి ఫ్రేములను స్టాక్ చేసిన (ఒకదానిపై ఒకటి కలిపిన) చిత్రంలో గెలాక్సీ అంచున ఒక చుక్క ఉంది. ముందు రెండు రాత్రుల చిత్రాలలో అక్కడ ఏమీ లేదు. 1989లో ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ ఎవాన్స్ ఇదే గెలాక్సీలో ఒక సూపర్‌నోవాను (పేలిన నక్షత్రాన్ని) కనుగొన్నారని చదివినప్పటి నుంచి నాకు దీని మీద ప్రత్యేకమైన మక్కువ. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇది సూపర్‌నోవాయేనని తేల్చుకోవడం ఎలా? ఎవరికి తెలియజేయాలి?

జవాబు 1:
ముందుగా, స్టాక్ చేయడానికి వాడిన ఫ్రేములను విడివిడిగా, సమయక్రమంలో చూడండి. ఎం66 రవిమార్గానికి (ఆకాశంలో సూర్యుడు, గ్రహాలు సాగే దారికి) దాదాపు ఎనిమిది డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి గ్రహశకలాలు మన చూపుకు దాని మీదుగా సాగిపోతూనే ఉంటాయి. అంగారక, బృహస్పతి గ్రహాల మధ్య తిరిగే గ్రహశకలం సూర్యుడికి ఎదురు దిశలో ఉన్నప్పుడు గంటకు సుమారు 30 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. భూమికి చేరువగా వచ్చినది ఇంకా వేగంగా కదిలి, ఒక్క ఫ్రేములోనే గీతలా పడవచ్చు. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అయితే వక్రగతి (వెనక్కి కదులుతున్నట్టు కనిపించడం) మొదలయ్యే, ముగిసే రోజులలో గ్రహశకలం కూడా దాదాపు నిలిచిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి, మరుసటి రాత్రి మళ్ళీ తీయకుండా నిర్ణయానికి రాకండి. దూరదర్శినిని కాస్త జరిపి తీసినా చుక్క సెన్సర్‌లో అదే పిక్సెల్ మీద ఉంటే, అది కెమెరా లోపమే.

జవాబు 2:
కదలని కొత్త చుక్క అయితే అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తరఫున నడిచే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌కు పంపాలి. అక్కడ మొదట 'ఏటీ' అనే అక్షరాలతో పేరు వస్తుంది. ఎవరైనా వర్ణపటం (దాని కాంతిని రంగులుగా విడదీసిన చిత్రం) తీసి నిర్ధారించిన తరువాతనే అది 'ఎస్ఎన్' అవుతుంది. కదిలేదైతే, గ్రహశకలాల వివరాలు సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ జాబితాలో తెలిసినదేమో చూసి, కాకపోతే కొలతలను అక్కడికే పంపాలి. 2008 అక్టోబర్ 6న అరిజోనాలోని మౌంట్ లెమన్ దూరదర్శిని పసిగట్టిన 2008 టీసీ3 అనే చిన్న గ్రహశకలం సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది: కనుగొన్నది ఒక్క దూరదర్శినే అయినా, అనేక చోట్ల నుంచి కొలతలు గంటల్లోనే అందడం వల్ల అది సూడాన్ మీద పడబోతోందని ముందే తేలింది, కనుగొన్న సుమారు 20 గంటలకు అక్కడే పడింది, దాని శకలాలను తరువాత ఎడారిలో ఏరి తెచ్చారు.

జవాబు 3:
ఒక్క మాట చేర్చాలి. చుక్క లేని ఆ రెండు రాత్రుల ఫ్రేములను దయచేసి తుడిచివేయకండి. 2023 మే 19న జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి ఎం101లో సూపర్‌నోవాను కనుగొన్న తరువాత, అంతకు ముందే ఆ గెలాక్సీని ఫోటో తీసి, అందులో ఏముందో తెలియకుండానే ఉంచుకున్న ఔత్సాహికుల చిత్రాలను వెతికి తీశారు. పేలుడు ఎప్పుడు మొదలైందో, తొలి గంటలలో వెలుగు ఎలా పెరిగిందో తేల్చడానికి అవి ఉపయోగపడ్డాయి. అట్లాస్ వంటి పెద్ద సర్వేలు ఆకాశాన్ని రాత్రికి రాత్రి గాలిస్తున్నా, ఒక నిర్దిష్టమైన గంటలో ఒక నిర్దిష్టమైన గెలాక్సీ వైపు చూస్తున్నది మీ దూరదర్శిని ఒక్కటే కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఫ్రేములను విడిగా చూశాను. మొదటి దానికీ చివరి దానికీ మధ్య 15 నిమిషాలలో చుక్క సుమారు 7 ఆర్క్ సెకన్లు జరిగింది. జాబితాతో పోల్చితే ఎప్పుడో కనుగొన్న గ్రహశకలమేనని తేలింది. కాస్త బాధగానే ఉంది. మూడు రాత్రుల ఫ్రేములనూ తేదీ, సమయాలతో సహా దాచాను. వచ్చే అమావాస్య నుంచి, రవిమార్గానికి బాగా దూరంగా ఉండే ఎం101ను కూడా తీయడం మొదలుపెడతాను.