శోధన: ఒక్క మాట, దాని పక్కన నిలబడే క్రియలు

పదాలపెట్టె
అందరికీ వందనాలు. పాత అనువాదపు తెలుగు బైబిల్లో ఒక మాట నన్ను తిప్పలు పెడుతోంది. ఆదికాండము 22:1లో దేవుడు అబ్రాహామును "పరిశోధించెను" అని ఉంది. అదే సంగతిని హెబ్రీయులకు 11:17 "అబ్రాహాము శోధింపబడి" అని చెబుతుంది. యాకోబు 1:13 దగ్గరికి వచ్చేసరికి దేవుడు "ఎవనిని శోధింపడు" అని తెగేసి చెప్పేశారు. మళ్లీ పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అని ఆ దేవుణ్ణే అడుగుతున్నాం. ఎవరినీ శోధించని దేవుణ్ణి, శోధనలోకి తేవద్దని బతిమాలడం ఏమిటి? చిక్కు భాషలో ఉందా, భావంలో ఉందా?

ఇంకో సంగతి. సంఘాల వాడుకలో ఇప్పుడు శోధన అంటే జబ్బు, అప్పు, ఉద్యోగం పోవడం. "మా ఇంట్లో శోధనలు ఎక్కువగా ఉన్నాయి, ప్రార్థన చేయండి" అంటారు. లంచం తీసుకోవాలనిపించడాన్నో, చూడకూడనిది ఫోనులో చూడాలనిపించడాన్నో ఈ మాటతో చెప్పేవాళ్లు తక్కువ. మాట ఇలా ఎందుకు ఒరిగిపోయింది?

నిఘంటువుప్రియ
ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృత ధాతువు శుధ్, శుభ్రపడడం. శోధన అంటే మలినం తీసేయడం. ఆయుర్వేదంలో వమనం, విరేచనం వంటివి శోధన చికిత్సలు. రసశాస్త్రంలో లోహాన్ని మందులో వాడే ముందు శుద్ధి చేయడమూ శోధనే. తెలుగులో శోధించు అంటే వెదకు, పరీక్షగా చూడు అనే అర్థం కూడా స్థిరపడింది. పరిశోధన అందులోంచే వచ్చింది. అందుకే విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలకు "దేవుడు అబ్రాహామును పరిశోధించెను" అన్న వాక్యం వింతగా వినిపిస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, వీటిలో ఎక్కడా ఆశ చూపించి లాగడం అన్న అర్థం లేదు. ఆ అర్థానికి తెలుగులో ప్రలోభం ఉంది, లుభ్ ధాతువు, లోభానికి చుట్టం. ఎన్నికల వార్తల్లో "ఓటర్లను ప్రలోభపెట్టడం" అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు. శోధనకు ఆ రంగు బైబిలు వాడుకే అద్దింది. బైబిలు తెలియని తెలుగువారికి ఇప్పటికీ ఆ రంగు కనబడదు.

పొరుగు భాషల్లో కొన్నిటిదీ ఇదే దారి. ఈ ప్రార్థనలో తమిళం సోదనై అంటుంది, కన్నడం శోధనె అంటుంది. మలయాళం, హిందీ పరీక్ష అన్నాయి.

గ్రీకుపాఠకుడు
అనువాదకుల తప్పు ఇందులో లేదండి. గ్రీకు మూలంలోనే మాట ఒకటి: పెయిరాస్మోస్, దాని క్రియ పెయిరాజో. ప్రయత్నించి చూడడం, పరీక్ష పెట్టడం, తప్పులోకి లాగడం, మూడూ అదే చెబుతుంది. పరీక్ష పెట్టేవాడి ఉద్దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. ఆదికాండము 22:1కి హెబ్రీలో నిస్సా అని ఉంది. పాత గ్రీకు అనువాదం దానికి పెయిరాజోనే వాడింది. హెబ్రీయులకు పత్రిక అక్కణ్ణుంచే అందుకుంది.

యాకోబు ఒకటో అధ్యాయాన్ని ఆగి ఆగి చదవండి. 2వ వచనంలో "నానా విధములైన శోధనలలో" పడితే ఆనందమని ఎంచుకోమంటాడు. 12లో "శోధన సహించువాడు ధన్యుడు". 13లో దేవుడు శోధించడు. 14లో మనిషి తన దురాశచేతనే "ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై" శోధింపబడతాడు. మాట ఒక్కటే, మధ్యలో మలుపు తిరిగింది. బయటి ఒత్తిడి దగ్గర మొదలై లోపలి ఆశ దగ్గర తేలింది. ఆ మలుపే యాకోబు వాదం. 12 దాకా ఒక మాట, 13 నుంచి వేరే మాట పెడితే, "ఈ కష్టం దేవుడిచ్చాడు, కాబట్టి ఇందులో నేను చేసిన తప్పు కూడా ఆయన ఖాతాలోదే" అనే మనిషికి ఆయన ఇస్తున్న జవాబు తెగిపోతుంది.

గ్రీకులో ఇంకో మాట ఉంది: దోకిమాజో, నికార్సో కాదో తేల్చి చూడడం. తెలుగు అనువాదకులు దాన్ని కూడా చక్కగా నిలబెట్టారు. ఆ మాట కుటుంబానికి పరీక్ష అన్నారు. 2 కొరింథీయులకు 13:5 చూడండి: "మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి; మిమ్మును మీరే పరీక్షించుకొనుడి". మొదటిది పెయిరాజో, రెండోది దోకిమాజో. 1 పేతురు 1:6–7లో శోధనలు దుఃఖం కలిగించేవి, వాటిలో విశ్వాసం "పరీక్షకు" నిలిచేది, పక్కనే అగ్నిలో సువర్ణం. శోధన అంటే నిప్పులో వేయడం, పరీక్ష అంటే నికార్సని తేలడం. అన్నిచోట్లా ఈ విభజన నిలవదు గాని, నిలిచినచోట బాగుంటుంది.

కతోలిక పాఠకురాలు
"తేక" గురించి ఎవరూ మాట్లాడలేదు. మా పరలోక జపంలో అక్కడ "శోధనయందు ప్రవేశింపనివ్వక" అని ఉంటుంది. తేవడం వేరు, ప్రవేశింపనివ్వడం వేరు. ఫ్రెంచి కతోలికులు 2017 డిసెంబరులో తమ జపాన్ని సరిగ్గా ఈ వైపుకే మార్చుకున్నారు, "మమ్మల్ని శోధనలో ప్రవేశించనీయకు" అని. తెలుగు జపంలో అది ఎప్పట్నుంచో ఉంది.

గ్రీకుపాఠకుడు
అవునండి. అక్షరాలా చూస్తే మాత్రం "తేక"నే మూలానికి దగ్గర. అక్కడి క్రియ లూకా 5:18లో పక్షవాయువు గల మనిషిని మంచం మీద ఇంట్లోకి తేవడానికి వాడినదే. మీ జపం, యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులతో అన్న మాటను ముందుకు తెచ్చింది: "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి", మత్తయి 26:41. ఆ రాత్రి శిష్యులకు శోధన వచ్చింది. రాకూడదని ఆయన అనలేదు, అందులోకి వెళ్లొద్దన్నాడు.

నిఘంటువుప్రియ
ఇక్కడ తెలుగు వ్యాకరణం ఒక తాళంచెవి ఇస్తోంది. 1 కొరింథీయులకు 10:13లో "శోధింపబడనియ్యడు" అనే పెద్ద మాట ఉంది కదా, దాన్ని విప్పండి: శోధింప, బడ, నియ్యడు. చివరిది ఇచ్చు అనే సహాయ క్రియ. పోనిచ్చు, రానిచ్చు, పడనిచ్చు అంటాం చూడండి, అది. చేసేది ఒకరు, అడ్డు తీసేది లేదా గీత గీసేది ఇంకొకరు. ఆ ఒక్క సహాయ క్రియలో పదాలపెట్టె గారి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఉంది. శోధించేవాడు దేవుడు కాడు, ఎంతవరకో హద్దు పెట్టేవాడు దేవుడు. గ్రీకులో ఏముందో మీరు చెప్పాలి.

గ్రీకుపాఠకుడు
అక్కడా "అనుమతించడు" అనే క్రియే ఉంది. మీరు విప్పింది సరిపోయింది.

సండేస్కూలు టీచరు
వందనాలండీ. పిల్లలకు, యౌవనస్థులకు నేర్పించేటప్పుడు పనికొచ్చే ఒక పద్ధతి చెబుతాను. శోధన అన్న నామవాచకం దగ్గర ఆగకండి, పక్కనున్న క్రియను వేలితో పట్టుకోండి. ఏం చేయాలో చెప్పేది అదే.

"సహించు" ఉంటే అది బయటి ఒత్తిడి: జబ్బు, హేళన, నష్టం. అక్కడ చేయాల్సింది నిలబడడం. "పారిపోవు" ఉంటే శరీరాశ, విగ్రహం. "జారత్వమునకు దూరముగా పారిపోవుడి", 1 కొరింథీయులకు 6:18. "యౌవనేచ్ఛలనుండి పారిపొమ్ము", 2 తిమోతికి 2:22. యోసేపు తనను పడకకు పిలిచిన యజమాని పోతీఫరు భార్యతో మొదట మాటలతోనే కాదన్నాడు, దినదినమూ కాదన్నాడు. బట్ట పట్టుకున్న రోజు మాత్రం వాదించలేదు, బట్ట వదిలేసి బయటికి పారిపోయాడు. "ఎదిరించు" అన్నది అపవాది, అంటే సాతాను విషయంలో, యాకోబు 4:7. అందులోనూ ముందు మాట "దేవునికి లోబడియుండుడి". ఆ మొదటి సగం వదిలేసి రెండో సగం మాత్రమే గట్టిగా చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది.

ఎక్కడ చెడుతుందంటే, క్రియలు తారుమారైనప్పుడు. పారిపోవాల్సిన చోట సహించబోతారు: రాత్రి పదకొండింటికి ఫోను పక్కలోనే పెట్టుకుని "ప్రభువు బలమిస్తాడు" అని ప్రార్థన చేస్తారు. ఫోను వేరే గదిలో పెట్టడం విశ్వాసం తక్కువై కాదండి, వాక్యం చెప్పిన క్రియ అదే. సహించాల్సిన చోట పారిపోతారు కూడా: సంఘంలో ఒకరు మాటన్నారని వారం తిరక్కుండా ఇంకో సంఘానికి వెళ్లిపోతారు. పదాలపెట్టె గారు చెప్పిన వాడుక మార్పువల్ల అసలు నష్టం ఇక్కడే. శోధన అంటే కష్టం అని మాత్రమే తలకెక్కితే, ప్రతి శోధనకూ ఓర్పే మందనిపిస్తుంది. లంచం కవరు ముందు ఓర్పు ఏం చేస్తుంది?

పదాలపెట్టె
టీచరు గారూ, బాగా పట్టించారు. మరి "శోధనలో పడ్డాడు" అంటే పాపం చేశాడనే కదా అందరూ అంటారు?

గ్రీకుపాఠకుడు
అక్కడ రెండు "పడు"లు కలిసిపోయాయి. యాకోబు 1:2లోని క్రియ లూకా 10:30లో యెరికో దారిలో దొంగల చేతిలో "చిక్కెను" అన్నచోట ఉన్నదే. చుట్టుముట్టబడడం. అందులో తప్పేమీ లేదు. 1 తిమోతికి 6:9లో ధనవంతులు కావాలనుకునేవారు "శోధనలోను, ఉరిలోను" పడతారన్నప్పుడు క్రియ వేరు, గోతిలో పడడం. తెలుగులో రెండూ పడడమే అయ్యాయి. శోధింపబడడం పాపం కాదనడానికి హెబ్రీయులకు 4:15 చాలు: "మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను". ఆలోచన వచ్చిన మాత్రాన ఓడిపోయాననుకుని చేతులెత్తేసే యౌవనస్థులకు ఈ తేడా తప్పకుండా చెప్పాలి.

సండేస్కూలు టీచరు
1 కొరింథీయులకు 10:13ను కంఠత పెట్టించే విధానం కూడా రాస్తాను. నాలుగు ముక్కలు చేయండి: "సంభవింపలేదు" దాకా ఒకటి, "నమ్మదగినవాడు" దాకా రెండు, "శోధింపబడనియ్యడు" దాకా మూడు, మిగిలింది నాలుగు. రోజుకొక ముక్క, ప్రతిరోజూ పాతవి కలిపి. ఐదో రోజు మొత్తం, ఆరో రోజు 12, 14 వచనాలతో కలిపి చదవడం. ఆ ఆరో రోజును వదలకండి. 12లో "తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు" పడకుండా చూసుకోమన్నాడు, 14లో విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మన్నాడు. మధ్య వచనాన్ని ఒంటరిగా పీకేస్తే "దేవుడు మోయలేని భారం ఇవ్వడు" అనే ఓదార్పు మాటగా మారిపోతుంది. పౌలు అక్కడ భారాల గురించి మాట్లాడడం లేదు. అరణ్యంలో విగ్రహారాధన చేసినవారు, ఒక్కరోజే కూలిన ఇరువదిమూడువేల మంది, సర్పాలవల్ల నశించినవారు, సణిగినవారు, వీళ్లే పై వచనాల్లో ఉన్నారు.

ఇంకో జారుడు "తప్పించుకొను మార్గము" దగ్గర. వచనం ఆ మార్గం ఎందుకో చెప్పింది: "సహింపగలుగుటకు". చాలాసార్లు ఆ మాట మింగేసి చదువుతారు. శోధన మాయమైపోతుందని పౌలు మాట ఇవ్వలేదు. శోధనతో పాటే ఒక దారి ఉంటుందన్నాడు. ఆ దారి తలుపు, బస్సు, ఎవరికైనా ఒక ఫోను కాల్ కావచ్చు. వెదకనివాడికి అది కనబడదు.

కతోలిక పాఠకురాలు
కంఠత వచ్చాక వచనాన్ని మంత్రంలా వాడే ప్రమాదం కూడా చెప్పండి. మత్తయి 4లో యేసును శోధించిన అపవాదీ వాక్యమే చెప్పాడు, కీర్తన 91 నుంచి.

గ్రీకుపాఠకుడు
చెప్పి, ఒక ముక్క వదిలేశాడు. కీర్తనలో "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అని ఉంది. మత్తయిలో వాడి నోట ఆ మాటలు లేవు. దేవాలయ శిఖరం నుంచి దూకడం మార్గాల్లో నడవడం కాదు కదా.

యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము నుంచే: 8:3, 6:16, 6:13. మొదటిదాని పై వచనం, 8:2, చూడండి. నలువది సంవత్సరాలు అరణ్యంలో నడిపించింది "నిన్ను శోధించి" నీ హృదయంలో ఏముందో తెలుసుకోవడానికి అని ఉంది. నలభై దినాల ఉపవాసం చివర ఆయన ఎత్తుకున్న మాట, శోధన అనే మాటకు ఒక్క అడుగు కిందే ఉంది. రెండో జవాబు "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు". ఆ వచనంలో (6:16) వచ్చే మస్సా అరణ్యంలోని ఒక చోటు, ఆ పేరుకే శోధన అని అర్థం, నిస్సా, మస్సా ఒకే ధాతువు. అక్కడ శోధించింది జనం, శోధింపబడింది దేవుడు.

నిఘంటువుప్రియ
మరి మలాకీ 3:10లో పదియవ భాగం తెచ్చి "నన్ను శోధించిన యెడల" అని దేవుడే పిలుస్తున్నాడే?

గ్రీకుపాఠకుడు
హెబ్రీలో అక్కడ మాట వేరు. అది బాహన్, లోహాన్ని పరీక్షించే మాట. కీర్తన 139:23లో "నన్ను పరీక్షించి" అన్నచోట ఉన్నదీ అదే. మలాకీలో కూడా పరీక్షించు అనే పెట్టి ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు. నా దృష్టిలో పాత అనువాదం తడబడిన చోటు అది.

పదాలపెట్టె
అయితే కొత్తగా అనువదించేవారు యాకోబు 1:14లో ప్రలోభం అని పెట్టవచ్చా?

నిఘంటువుప్రియ
శోధనను మార్చొద్దు, గ్రీకుపాఠకుడు గారు చెప్పిన మలుపు పోతుంది. మార్చాలనుకుంటే "మరులు కొల్పబడినవాడై" దగ్గర చూడండి. మరులు అంటే మోహం, మత్తు. అందమైన తెలుగు.

గ్రీకుపాఠకుడు
అందమైనదే గాని మూలంలో ఉన్నది గాలపు ఎర. ముందు చేపను దాగినచోటు నుంచి బయటికి ఈడుస్తుంది, తర్వాత ఎర చూపిస్తుంది. 2 పేతురు 2:14లో "అస్థిరులైనవారి మనస్సులను మరులుకొల్పుచు" అన్నచోటా అదే క్రియ. "ఎరకు చిక్కినవాడై" అంటే గోదావరి ఒడ్డున గాలం వేసే పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఎర వేసేది చేపకు ఇష్టమైన తిండితోనే కదా.

సండేస్కూలు టీచరు
ఆ మాట పిల్లలకు చెప్పేటప్పుడు లూకా 4:13 కూడా కలపండి: అపవాది ప్రతి శోధనను ముగించి "కొంతకాలము ఆయనను విడిచిపోయెను". కొంతకాలము అన్న మాట కింద గీత గీయించండి. నలభై దినాలు నిలిచిన ఆయన దగ్గరికే మళ్లీ వస్తానని వెళ్లాడు. ఒక రాత్రి ఫోను పక్కన పెట్టగలిగిన పిల్లవాడికి, రేపు రాత్రి కూడా అది వేరే గదిలోనే ఉండాలని చెప్పడానికి ఇంతకంటే తేలికైన వచనం నాకు దొరకలేదు.