ఇంగ్లీషులో అడిగితే సహజమైన జవాబు నేర్పాలా, అర్థమైతే చాలా?

కావలి టీచర్:
ఇంటర్ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్తున్నాను. ‘హౌ ఆర్ యూ?’ అంటే అందరూ ఒకే గొంతుతో ‘ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ, అండ్ యూ?’ అంటారు. తప్పేం లేదు. కానీ ‘వాట్స్ అప్?’ అన్నా అదే జవాబు. ఈ బట్టీ మాన్పించి ‘నాట్ మచ్’, ‘నాట్ బ్యాడ్, యూ?’ లాంటివి అలవాటు చేయాలని నా పట్టుదల. స్టాఫ్‌రూములో సగం మంది ‘అర్థమైతే చాలదా?’ అంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు వాసి:
చాలు మేడమ్. మనం ఎదురుపడితే ‘తిన్నారా?’ అంటాం, ఏ కూరో ఎవరూ చెప్పరు. వాళ్ల ‘హౌ ఆర్ యూ’ కూడా అంతే. ‘మెన్షన్ నాట్’ అని దేశమంతా అంటుంది, ఎవరికి అర్థం కాలేదు? పల్లె నుంచి వచ్చిన పిల్ల నోరు తెరవడమే గొప్ప. ‘సహజంగా లేదు’ అన్నారంటే మళ్లీ నోరు మూసుకుంటుంది.

చీమకుర్తి గ్రానైట్ యార్డు:
పలకరింపుల వరకు మీ మాటే నా మాట అన్నా. బేరం దగ్గర మాత్రం ఒప్పుకోను. ఇక్కడ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ దిమ్మె కొనేవాళ్లు నీళ్లు కొట్టించి చూస్తారు. ఆరేటప్పుడు పగులున్న చోట తడి గీత మిగులుతుంది. అప్పుడు ‘దేర్ ఆరెంట్ ఎనీ క్రాక్స్, ఆర్ దేర్?’ అని అడుగుతారు. మనవాడు ‘అవును, లేవు’ అనుకుని ‘ఎస్’ అంటాడు. ఇంగ్లీషులో ఆ ‘ఎస్’కి ఉన్నాయని అర్థం! చైనా వాళ్లతో ఈ చిక్కు తక్కువ, వాళ్ల భాషలోనూ మనలాగే ‘అవును, లేవు’ అంటారు. అమెరికా వాళ్ల దగ్గరే టెన్షన్. అందుకే కుర్రాళ్లకు ఒకటే చెప్తా: ‘ఎస్’, ‘నో’ దగ్గర ఆగొద్దు, ‘నో, నో క్రాక్స్’ అని పూర్తిగా చెప్పండి. ‘డు యూ మైండ్ వెయిటింగ్?’ అన్నప్పుడూ ‘ఎస్’ అంటే ఆగడం ఇష్టం లేదన్నట్టే. ‘షూర్, నో ప్రాబ్లమ్’ అంటే సరిపోతుంది.

నెల్లూరు కోచింగ్:
ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష)లో స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి 4, 5 నిమిషాలు ఊరు, ఇల్లు, చదువు గురించే. ‘డు యూ లైక్ యువర్ టౌన్?’ అంటే నెల్లూరు బియ్యం, చేపల పులుసు అంటూ వ్యాసం అప్పజెప్పే పిల్లలున్నారు. బట్టీ అని తెలిసిపోతే మార్కులు పోతాయి. మన యాస ఉన్నంత మాత్రాన పోవు. ఇష్టమో కాదో చెప్పి, ఎందుకో ఒక్క ముక్క కలిపితే చాలు.

ఒంగోలు వాసి:
‘ఎస్’, ‘నో’ సంగతి ఒప్పుకున్నా. అది తప్పకుండా నేర్పండి. ‘వాట్స్ అప్’కి మాత్రం పిల్లల్ని సతాయించొద్దు.

కావలి టీచర్:
సరే, ముందు ‘లేదు కదా’ ప్రశ్నలే చేయిస్తాను. చీమకుర్తి అన్నా, కొనేవాళ్లు యార్డులో ఇంకా ఏమేం అడుగుతారో రాయండి. క్లాసులో అవే అడుగుతాను.