కారు ఏసీ గ్యాస్ ఎంత లీకైందో కొలిచేదెట్లా?

ప్రశ్న (కావలి):
అన్నా, రోజూ నెల్లూరుకి కారులో వెళ్లొస్తాను. మే నెలలో గ్యాస్ నింపించాను, ఆగస్టుకే చల్లదనం పోయింది. మెకానిక్ గేజీ పెట్టి ‘ప్రెషర్ ఉంది కదా’ అంటున్నాడు. ఊరికే మళ్లీ నింపించాలంటే మనసొప్పడం లేదు. అసలు ఎంత పోయిందో తెలిసేదెట్లా?

జవాబు (ఒంగోలు, ఏసీ పని చేస్తాను):
తమ్ముడూ, గేజీ బరువు చెప్పదు. లోపల కాస్త ద్రవం మిగిలున్నా చాలు, ఆపిన బండిలో ప్రెషర్ ఎండను బట్టే ఉంటుంది. రికవరీ మెషిన్‌తో గ్యాసంతా బయటికి లాగి తూకం వేయించు. ఉండాల్సిన గ్రాములు బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటాయి. మొన్న ఒక బండికి 450 ఉండాలి, 290 వచ్చింది. 160 గ్రాములు గాల్లో కలిసిపోయాయి! ఆర్-134ఏ (చాలా కార్ల ఏసీల్లో ఉండే గ్యాస్) ఒక కిలో, భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, దాదాపు 1,300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. ఆ ఒక్క బండిదే 200 కిలోలు దాటింది. అందుకే లీకు పట్టకుండా నేను గ్యాస్ నింపను.

జవాబు (కందుకూరు):
నేను రామాయపట్నం వైపు ఎక్కువ తిరుగుతాను, ఉప్పుగాలి కండెన్సర్‌ని (బండి ముందువైపు ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీని) తినేసింది. చిల్లు దగ్గర నూనె జిడ్డు, దాని మీద దుమ్ము పట్టి నల్లగా ఉంది. సబ్బు నీళ్లు రాస్తే చిన్న బుడగ మెల్లగా ఉబ్బింది.

జవాబు (ఒంగోలు):
అవును. లీకు పసిగట్టే డిటెక్టర్ పెడితే జాయింట్ల కిందవైపు పెట్టించు, ఈ గ్యాస్ గాలికన్నా బరువు.

ప్రశ్న అడిగినవాణ్ణి:
ఇప్పుడే టార్చ్ వేసి చూశాను అన్నా, కింది జాయింట్ దగ్గర జిడ్డుంది. రేపు ముందు తూకమే వేయిస్తాను.