ఓడ జాబితాలో పేరుంది, జర్మనీలో ఊరు దొరకడం లేదు

బెర్క్స్ కౌంటీ కోడలు:
మావారి వైపు మూలపురుషుడు యోహాన్ గేయోర్గ్ మ్యూలర్ 1738లో ఫిలడెల్ఫియాలో దిగాడు. ఓడ జాబితాలో అతని పేరుంది గానీ భార్యాపిల్లల పేర్లు లేవు. ఆవిడ వేరే ఓడలో వచ్చిందా? జర్మనీలో ఊరు ఎలా పట్టుకోవాలి? డీఎన్‌ఏ పరీక్ష ఏమైనా పనికొస్తుందా?

పాత దస్త్రం:
వేరే ఓడ వెతకక్కర్లేదమ్మా. 1727 నుంచి అక్కడ దిగిన జర్మన్లలో 16 ఏళ్లు నిండిన మగవాళ్ల చేత బ్రిటిష్ రాజుకు విధేయత ప్రమాణం చేయించారు. ఆడవాళ్లకీ పిల్లలకీ ప్రమాణం లేదు, అందుకే పేరూ లేదు. ఒక్కో ఓడకు మూడు జాబితాల దాకా ఉంటాయి. 'ఏ' కెప్టెన్ ఇచ్చింది, ఇంగ్లీషు చెవికి ఎలా వినబడితే అలా రాసింది. కొన్ని ఓడలకు అందులో ఆడవాళ్లూ పిల్లలూ కూడా దొరుకుతారు. 'బీ', 'సీ' ప్రమాణ పత్రాలు, వాటి మీద ఎవరి సంతకం వాళ్లదే. పెన్సిల్వేనియా జర్మన్ సొసైటీ 1934లో వేసిన మూడు సంపుటాల్లో రెండోదాంట్లో ఆ సంతకాల నకళ్లున్నాయి. ముందు అది తెరవండి. సంతకం బదులు గుర్తు పెట్టి ఉంటే మాత్రం ఆ స్పెల్లింగు గుమాస్తాది, దాన్ని నమ్మకండి.

తుల్పెహాకెన్:
అసలు 'యోహాన్' అనే ముక్క పక్కన పెట్టండి. మన వెంకట సుబ్బారావుని సుబ్బారావు అన్నట్టే, అతను గేయోర్గ్. అన్నదమ్ములందరూ యోహాన్లే: యోహాన్ ఆడమ్, యోహాన్ పీటర్, యోహాన్ గేయోర్గ్. భూమి కాగితాల్లో జార్జ్ మిల్లర్ కోసం చూడండి. జాన్ మిల్లర్ అనే ఎవరిదో వీలునామా పట్టుకొచ్చి అతికించిన వంశవృక్షాలు నెట్ నిండా ఉన్నాయి, చూస్తే ఒళ్లు మండుతుంది.

పాత దస్త్రం:
యోహాన్ అన్నా యోహానెస్ అన్నా ఒకటే కదా, జాన్ ఎందుకు కాకూడదు?

తుల్పెహాకెన్:
ఒకటి కాదు! యోహానెస్ పిలిచే పేరు, ఇక్కడికొచ్చి జాన్ అయ్యేది అదే. యోహాన్ ముందు తగిలించేది. ఈ తేడా తెలియకుండా సలహాలివ్వకండి.

లిపి పిచ్చి:
పదిహేనేళ్లుగా కురెంట్ లిపి, అంటే పాత జర్మన్ చేతిరాత, చదువుతున్నాను కాబట్టి చెప్తున్నా, కాగితం మీద అంత తేలిక కాదు. పాస్టరు 'యోహ్' అని రాసి చివర తోక తిప్పి వదిలేస్తాడు. వెనకాల ఇంకో పేరుంటే యోహాన్, ఒంటరిగా ఉంటే యోహానెస్ అని మనం ఊహించుకోవాలి. పైగా హన్స్ కూడా యోహానే. యెర్గ్ అంటే గేయోర్గే, కాబట్టి రిజిస్టర్లో మీవాడు 'హన్స్ యెర్గ్' అని ఉండొచ్చు. ఆ లిపిలో 'e' అక్షరం మన కంటికి 'n'లా కనబడుతుంది, ఇండెక్సులు చేసినవాళ్లు అక్కడే బోల్తాపడ్డారు.

పాత దస్త్రం:
నేనూ చదవగలనండీ కురెంట్. గొంతు కాస్త తగ్గించండి.

గుంటూరు లూథరన్:
భార్య పేరు సంఘం రిజిస్టర్లలో చూడండి. 'మ్యూలరిన్' అని ఉంటే అది వేరే ఇంటిపేరు కాదు, ఆడవాళ్లకు చివర 'ఇన్' చేరుస్తారు. ఇంకోమాట, పెన్సిల్వేనియా లూథరన్ సంఘాలను కూడగట్టిన ముహ్లెన్‌బర్గ్‌ని 1742లో పంపింది జర్మనీలోని హాలె మిషన్ వాళ్లే. మద్రాసులో తెలుగు నేర్చి వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్‌ని పంపిందీ వాళ్లే. ముహ్లెన్‌బర్గ్ 1748లో పెట్టిన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే పాస్టర్ల సభే మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని మన గుంటూరు పంపింది, ఆయన వచ్చింది 1842లో. అంటే ఆ సంఘాలకీ మనకీ చుట్టరికం ఉంది.

తుల్పెహాకెన్:
బాగుంది గానీ ఊరి సంగతి ఎవరూ చెప్పరేం? జాబితా తలకట్టులో 'పాలటైన్లు' అని ఉంటే అందరూ జర్మనీలోని పాలటినేట్ ప్రాంతం వాళ్లేనని కాదు. వ్యుర్టెంబర్గ్, బాడెన్, స్విట్జర్లాండ్ వాళ్లనీ అదే మాటతో రాసేశారు.

లిపి పిచ్చి:
తేదీలు కూడా జాగ్రత్త. 1752 దాకా ఇంగ్లీషు కాలనీల్లో పాత క్యాలెండరే, ఏడాది మార్చి 25న మొదలయ్యేది. జర్మన్ ప్రొటెస్టెంట్లు 1700లోనే కొత్తదానికి మారారు. ఓడలు ఎక్కువగా శరదృతువులో చేరేవి కాబట్టి జాబితాల్లో ఏడాది గొడవ రాదు. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న వీలునామాల్లోనే చిక్కు. '7బర్' అంటే జులై కాదు, సెప్టెంబరు (లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు).

పాత దస్త్రం:
పాత క్యాలెండర్ పదకొండు రోజులు వెనక కదా, ఆ రోజులు కలిపి రాసుకుంటే సరిపోతుంది.

లిపి పిచ్చి:
కలపకండి, మహాప్రభో! కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, ఏ క్యాలెండరో పక్కన రాసుకోవాలి. ఒకసారి కలిపినదాన్ని ఇంకొకరు మళ్లీ కలుపుతారు, కాగితం మీది తేదీకి 22 రోజులు తేడా వస్తుంది.

బెర్క్స్ కౌంటీ కోడలు:
సంతకం చూశానండీ, 'హన్స్ యెర్గ్' అనే ఉంది. సంతకాల్లో అతని పైన ఇద్దరూ, కింద ఒకరూ తర్వాత పిల్లల బాప్తిస్మానికి సాక్షులుగా కనబడుతున్నారు. డీఎన్‌ఏ గురించి ఎవరూ చెప్పలేదు.

తుల్పెహాకెన్:
అబ్బ, అసలు దారి అదే! ఒకే ఊరివాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడి సంతకాలు పెట్టేవారు, సాక్షులుగానూ వాళ్లనే పిలిచేవారు. మ్యూలర్‌ని వెతకకండి, ఆ మాటకు అర్థమే పిండిమర నడిపేవాడు, పిండిమర ఉన్న ప్రతి ఊళ్లో ఒక మ్యూలర్ ఉంటాడు. ఆ ముగ్గురిలో అరుదైన ఇంటిపేరున్నవాణ్ని పట్టుకోండి. ముందు నైరుతి జర్మనీ వలసల డేటాబేస్‌లో చూడండి. ఊరు తగిలితే, చర్చి పుస్తకాలు పెట్టే ఆర్కియాన్ అనే వెబ్‌సైట్‌లో దాని పుస్తకం తీసి, 1738కి ముందు పదేళ్ల బాప్తిస్మాలు చదవండి. అక్కడ లేకపోతే పది కిలోమీటర్ల లోపు ఊళ్లన్నీ చూడాలి, పెళ్లి సాధారణంగా పెళ్లికూతురి ఊళ్లో జరిగేది. చట్టప్రకారం వెళ్లినవాళ్లు ఆస్తిలో పదో వంతు దాకా పన్ను కట్టి వెళ్లేవారు, ఆ పద్దుల్లో భార్య పేరు కూడా దొరకొచ్చు.