స్నాప్‌షాట్ నుంచి ఎక్కిస్తే తూకం లెక్కలు సగమే వచ్చాయి

ప్రశ్న (కర్నూలు):
మార్కెట్ యార్డులో ఒక ఉల్లి కమీషన్ కొట్టు సాఫ్ట్‌వేర్ నేను చూస్తాను. ఉబుంటు మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. రోజూ రాత్రి 11కి ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు పట్టే నకలు) తీసి ఇంకో డిస్కుకి కాపీ చేస్తాం. మొన్న డిస్కు పోతే ఆ కాపీ ఎక్కించాను. సర్వర్ లేచింది గానీ తూకం టేబుల్ 'క్రాష్డ్' అంది. రిపేర్ చేసి చూస్తే ఆ రాత్రివి రైతుల పేర్లు 40, తూకం వరసలు 23. మిగతా 17 మంది బస్తాల లెక్క చీటీల కార్బన్ కాపీలు వెతికి తెల్లారేదాకా ఎక్కించాను. తూకం తప్పితే రైతు డబ్బు తప్పుతుంది, అదే టెన్షన్. స్క్రిప్టులో 'ఫ్లష్ టేబుల్స్ విత్ రీడ్ లాక్' (టేబుళ్లలోకి కొత్త రాతలు ఆపే లాక్) ఇచ్చాకే స్నాప్‌షాట్ తీస్తున్నాను. ఎక్కడ తప్పింది?

జవాబు (అనంతపురం):
లాక్ ఒక లైను, స్నాప్‌షాట్ ఇంకో లైనుగా రాశావా తమ్ముడూ? అట్లయితే మొదటి లైను ముగియగానే కనెక్షన్ తెగుతుంది, లాక్ కూడా దాంతోనే పోతుంది. మైఎస్‌క్యూఎల్ లోపలే ఉండి లాక్ వేసి, అక్కడి నుంచే 'సిస్టమ్' కమాండ్‌తో స్నాప్‌షాట్ తీసే ఎల్‌వీక్రియేట్ నడుపు. తర్వాత 'అన్‌లాక్ టేబుల్స్' ఇవ్వు. కాపీ లాక్ తీశాక తీరిగ్గా చేసుకోవచ్చు.

అడిగినవారు:
అవునన్నా, వేర్వేరు లైన్లే. పైగా 11కే కాటాల లెక్కలన్నీ ఒక్కసారిగా ఎక్కుతాయి.

జవాబు (కడప):
అట్లయితే లాక్ ఒక్కటే సరిపోదు. టేబుల్ చెడకుండా కాపాడుతుంది గానీ, సగం ఎక్కిన లెక్క సగంగానే మిగులుతుంది. ఆ తూకం టేబుల్ పాత మైఐసామ్ రకం అయ్యుంటుంది, దానికి ట్రాన్సాక్షన్లు (కొన్ని రాతలు అన్నీ కలిసి ఎక్కడం, లేదా ఒక్కటీ ఎక్కకపోవడం) లేవు. ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీ రకానికి మార్చి, పేరూ తూకమూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఎక్కించండి. మధ్యలో స్నాప్‌షాట్ పడినా, తిరిగి ఎక్కించినప్పుడు రీడూ లాగ్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) చూసుకుని మార్పులు తిరిగి వేసి, కమిట్ కానివాటిని, అంటే పూర్తిగా ముగియనివాటిని, అన్‌డూ లాగ్‌తో అదే వెనక్కి తీస్తుంది. డేటా, రీడూ లాగ్ ఒకే వాల్యూమ్‌లో (ఎల్‌వీఎం విడదీసిన డిస్కు భాగంలో) ఉన్నాయో లేదో చూడండి. రెంటికీ విడివిడిగా తీసిన స్నాప్‌షాట్లు ఒకే క్షణానివి కావు. స్నాప్‌షాట్‌కి ఇచ్చిన చోటు కాపీ మధ్యలో నిండినా అది చెల్లదు.

అడిగినవారు:
మైఐసామే సార్. మార్చేశాను, బ్యాకప్ రాత్రి 2కి జరిపాను. నిన్నటి కాపీని కొట్టులోని పాత కంప్యూటర్లో ఎక్కించి చీటీల కట్టతో సరిచూశాం: 58 చీటీలు, 58 వరసలు.