నలుగురం కలిసి వైన్ రుచి చూసేటప్పుడు తేడాలు నిజంగా తెలియాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. వైన్లను శ్రద్ధగా రుచి చూడడం నేర్చుకోవాలని నేనూ నా స్నేహితులూ ఈ మధ్యే మొదలుపెట్టాము. పోయిన వారం ఆరుగురం కూర్చుని ఎనిమిది సీసాలు తెరిచాము. తెల్లవి, ఎర్రవి, నురగ వచ్చేవి, తీపివి అన్నీ కలిపి తెచ్చుకున్నాము. తినేవి కూడా ముందే బల్ల మీద పెట్టేశాము. మొదటి రెండు సీసాల వరకు మాటలు బాగానే సాగాయి కానీ, నాలుగోదానికి వచ్చేసరికి ఏ గ్లాసులో ఏది ఉందో, దేని రుచి ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. పైగా ఎవరు ముందు నోరు విప్పితే వారు చెప్పిన వాసనే మిగతా అందరికీ వచ్చింది.

మూడు సంగతులు నన్ను ఇంకా వదలడం లేదు. చేప ముక్క తిన్న వెంటనే ఎర్ర వైన్ గుక్క వేస్తే నోరంతా నీచు వాసన కొట్టింది. విడివిడిగా అయితే రెండూ ఎంతో బాగున్నాయి. షిరాజ్ అనే ఒక ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు స్పష్టంగా ఉందని ఒకరంటే, ఇంకొకరు ఎంతసేపు వాసన చూసినా తనకు ఆ జాడే లేదన్నారు. పాపం, ఆయనను అందరూ ఆటపట్టించారు. మరో సీసాలో తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. ఆ వైన్ పద్ధతే అంత కాబోలనుకుని తాగేశాము.

వచ్చే నెల మళ్ళీ కలుస్తున్నాము. ఎన్ని సీసాలు తెరవాలో, ఏ వరుసలో పోయాలో, తిండిని ఎప్పుడు పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు

మీ పొరపాటు సీసాల ఎంపిక దగ్గరే జరిగిందని నా అభిప్రాయం. ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలులేని ఎనిమిది వైన్లను పక్కపక్కన పెడితే, ఒకటి తీపి, ఒకటి పులుపు అనే మోటు తేడాలు తప్ప మరేమీ కనబడవు. తేడా తెలియాలంటే చాలా విషయాలు ఒకేలా ఉండి, ఒక్క విషయం మాత్రమే మారాలి. ఉదాహరణకు ఒకే ద్రాక్షను రెండు చోట్ల నుంచి తెచ్చుకోండి. సోవిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో చేసే సాన్సేర్‌నూ, న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరోలో అదే ద్రాక్షతో చేసే వైన్‌నూ పక్కపక్కన పోయండి. మొదటిది నిమ్మపులుపుతో అణిగి ఉంటుంది. రెండోది గ్లాసు ముక్కు దగ్గరకు రాకముందే పచ్చగడ్డి వాసనతో, పండ్ల వాసనతో పలకరిస్తుంది. అలాగే ఫ్రాన్స్‌లో షార్డొనే ద్రాక్షతోనే చేసే, ఓక్ పీపా ముఖం చూడని ఒక షాబ్లీ పక్కన పీపాలో నెలల తరబడి ఉన్న కాలిఫోర్నియా షార్డొనే పెడితే, ఒకే ద్రాక్ష ఇంత మారగలదా అని ఆశ్చర్యపోతారు. ఇటువంటి జంటలు రెండు చాలు, అంటే నాలుగు సీసాలు.

నాలుగే ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటాయి. రుచి చూడడానికి ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు సరిపోతాయి కనుక ఒక సీసా పదిహేను మందికి వస్తుంది. నాలుగు రకాలు చూస్తే ఒక మనిషికి 200 మిల్లీలీటర్లు అవుతాయి. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అయితే అందులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఎనిమిది రకాలు, అవీ ఇంకాస్త పెద్ద గుక్కలతో తాగితే నాలుక కంటే ముందు ధ్యాస మొద్దుబారుతుంది. బల్ల మీద ఒక ఖాళీ పాత్ర పెట్టుకుని, నోట్లో తిప్పిన వైన్‌ను అందులో ఉమ్మేయడం ఈ వృత్తిలో ఉన్నవారందరూ చేసే పనే. దానికి మొహమాటపడవలసిన అవసరం లేదు. వాహనం నడిపి ఇంటికి వెళ్ళవలసినవారు మాత్రం ఉమ్మేసినా సరే, ఆ సాయంత్రం బండి ముట్టుకోకుండా వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక, ముందు చెప్పినవారి మాటే అందరికీ నిజమనిపించడం గురించి. ఇందులో మీ స్నేహితుల బలహీనత ఏమీ లేదు, మనిషి ముక్కు స్వభావమే అంత. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి పరిశోధనలో, బోర్డోలో వైన్ తయారీ శాస్త్రం చదువుతున్న 54 మందికి వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. వారు దాన్ని ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకుంటున్నవారి ముక్కునే రంగు అంతగా ఏమార్చగలిగినప్పుడు, సీసా మీది చీటీ, పక్కవారి మాట మనల్ని ఏమార్చడంలో వింత లేదు. అందుకే సీసాలకు కాగితం చుట్టి అంకెలు వేయండి. పోసిన తర్వాత మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తమకు తోచింది కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే చదివి వినిపించుకోవాలి. 1976 మే 24న పారిస్‌లో ఇలాగే పేర్లు తెలియకుండా రుచి చూసిన ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తమ దేశపు పేరుమోసిన వైన్ల కంటే మిన్నగా, తెల్లవాటిలో కాలిఫోర్నియాకు చెందిన షాటో మాంటెలెనా 1973 షార్డొనేకూ, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబెర్నే సోవిన్యాన్‌కూ మొదటి స్థానం ఇచ్చారు. చీటీ కనబడి ఉంటే అలా జరిగేదని నేననుకోను.

వరుస గురించి పెద్దగా చెప్పవలసింది లేదు: తేలికవి ముందు, బరువైనవి తర్వాత, తీపివి అన్నిటికంటే చివర.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, తిండి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే నాకు వైన్ మీద ఇష్టం వంట ద్వారానే కలిగింది. తిండిని ముందే బల్ల మీద పెట్టకండి. ప్రతి వైన్‌నూ మొదట ఉత్తగా రుచి చూసి, రాసుకుని, ఆ తర్వాతే తిండితో చూడాలి; లేకపోతే ఏది వైన్ రుచో, ఏది తిండి దానికి చేసిన మార్పో విడదీయలేరు.

అసలు విందుకు ముందు ఒక చిన్న ప్రయోగం చేయమని కోరుతున్నాను. ఒక పళ్ళెంలో నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార పెట్టుకోండి. కాస్త పులుపున్న తెల్ల వైన్‌ను ఒక గుక్క తాగండి. తర్వాత నిమ్మచెక్కను నాలుకకు తాకించి మళ్ళీ అదే వైన్ తాగితే, ఇందాకటి పులుపు సగం మాయమై, పండు రుచి ముందుకు వస్తుంది. నీళ్ళతో నోరు కడుక్కుని ఉప్పుతో చూస్తే వైన్ మెత్తబడి గుండ్రంగా అనిపిస్తుంది. పంచదారతో చూసినప్పుడు మాత్రం అదే వైన్ పుల్లగా, పలచగా, కోపంగా మారుతుంది. మిఠాయితో తాగే వైన్ ఆ మిఠాయి కంటే తియ్యగా ఉండాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. ఈ మూడు గుక్కల్లో తెలిసినంత నాకు ఏ పట్టిక చదివినా తెలియలేదు.

ఎర్ర వైన్‌లో పులుపు కంటే వగరు ముఖ్యం. వగరు అనే ఇంత కచ్చితమైన మాట మనకు ఉండడం అదృష్టం. టానిన్లు నోటికి చేసేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి, కాడ నుంచి దిగే ఈ టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకుని, నోటికి ఉండే జారుడుతనాన్ని లాగేస్తాయి. అందుకే చిక్కటి టీ డికాక్షన్ తాగినట్టు చిగుళ్ళు బిగుసుకుంటాయి. అదే గుక్కను ముదురు చీజ్‌తోనో, కొవ్వున్న మాంసంతోనో తీసుకుంటే టానిన్లు ఆ ప్రోటీన్లకు, కొవ్వుకు అంటుకుంటాయి, నోటిని వదిలేస్తాయి. కారం విషయం దీనికి పూర్తిగా వేరు: ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, వగరు దానికి తోడవుతుంది. కారమైన వంటకాలకు ఆల్కహాల్ తక్కువగా ఉండి కొద్దిగా తీపి మిగిలిన వైన్, అంటే జర్మనీలోని మోజెల్ లోయ నుంచి వచ్చే తేలికపాటి రీస్లింగ్ వంటిది ఎంచుకోండి.

మీ చేప కథకు కూడా కారణం ఉంది. 2009లో జపాన్ పరిశోధకులు వైన్లలోని ఇనుము పాళ్ళకూ, సముద్రపు ఆహారంతో తాగినప్పుడు నోట్లో మిగిలే నీచు వాసనకూ సంబంధం ఉందని తేల్చారు. ఇనుము ఎక్కువున్న వైన్‌తో ఆ వాసన పెరిగింది. ఇనుము మోతాదు సాధారణంగా ఎర్రవాటిలోనే ఎక్కువ కనుక, మీకు చేదు అనుభవం ఎర్ర వైన్‌తో ఎదురైంది. అంతమాత్రాన చేపకు ఎర్ర వైన్ పూర్తిగా నిషిద్ధమని అనుకోకండి. ఇనుము తక్కువగా ఉన్న ఎర్ర వైన్లూ ఉన్నాయి, వాటితో ఈ బాధ ఉండదు.

ఒక్క జంటను మాత్రం తప్పకుండా ప్రయత్నించండి. రోక్‌ఫోర్ అనే ఉప్పటి నీలి బూజు చీజ్ ముక్క మీద సోటర్న్ అనే తీపి వైన్‌ను ఒక్క గుక్క వేయండి. బోట్రైటిస్ అనే బూజు పట్టి ముడుచుకుపోయిన ద్రాక్షల నుంచి ఆ వైన్ తీస్తారు. అక్కడా బూజే, ఇక్కడా బూజే. ఉప్పు, తీపి నోట్లో కలిసినప్పుడు మాత్రం రెండింటిలోనూ లేని ఒక కొత్త రుచి పుడుతుంది. మొదటిసారి రుచి చూసినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మూడో జవాబు

మిరియాల వాసన రాలేదన్న మీ స్నేహితునికి దయచేసి ఈ మాట చేరవేయండి: ఆయన ముక్కు ఉన్నది ఉన్నట్టే చెప్పింది. షిరాజ్‌లోని ఆ వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థం. మిరియాల వాసనకూ అదే మూలం. దాన్ని గుర్తించి 2008లో ఆ సంగతి ప్రచురించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలే, సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాసన చాలా ఎక్కువ మోతాదులో ఉన్నా తెలియదని గమనించారు. ఒకే గ్లాసు ఇద్దరికి రెండు వైన్లుగా అనిపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మీ బృందంలో ఎవరికి ఏది తెలియదో నెమ్మదిగా గుర్తుపట్టడం కూడా ఈ సరదాలో భాగమే.

తడిసిన అట్టపెట్టె వాసన ఏ ప్రాంతపు పద్ధతీ కాదు. ఆ వర్ణనను బట్టి ఆ సీసా బిరడా దోషంతో చెడిందని చెప్పవచ్చు. కార్క్ బిరడాలో చేరిన బూజు వల్ల ఏర్పడే టీసీఏ అనే పదార్థం, లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా చాలు, వైన్ వాసనను కప్పేస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు కానీ, గాలి తగిలితే పోతుందేమోనని ఎదురుచూడడం వృథా. దోషం కొద్దిగా ఉన్నప్పుడు అట్ట వాసన తెలియదు, పండు వాసన మాత్రం తెలియకుండా తగ్గిపోతుంది. అతిథులకు పోసే ముందు తెరిచినవారు ప్రతి సీసానూ వాసన చూడడం అందుకే. ఈసారి అలాంటిది దొరికితే పారబోయకుండా, కాసేపు పక్కన పెట్టి అందరికీ వాసన చూపించండి. ఒకసారి తెలిస్తే మళ్ళీ మరచిపోరు.

చల్లదనం గురించి కూడా జాగ్రత్త పడండి. ఫ్రిజ్‌లో నుంచి అప్పుడే తీసిన తెల్ల వైన్ నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటుంది, అప్పుడు పులుపు తప్ప ఏ వాసనా లేవదు. పావుగంట బయట ఉంచి 8 నుంచి 12 డిగ్రీల మధ్య పోయండి. ఎర్ర వైన్‌ను గది వేడిలో అలాగే ఇస్తే ఆల్కహాల్ ముక్కుకు గుచ్చుకుంటుంది. ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి 16 డిగ్రీల దగ్గరకు తెచ్చుకోండి. గ్లాసును మూడో వంతుకు మించి నింపకండి, వాసన చేరడానికి పై భాగం ఖాళీగా ఉండాలి.

నాలుగో జవాబు

అందరూ మంచి మాటలే చెప్పారు, నేను ఒక్కటి మాత్రం వేరుగా చెబుతాను. కాగితాలు, అంకెలు మొదటి గంటకే పరిమితం చేయండి. ఆ తర్వాత కాగితాలన్నీ తీసేసి, మిగిలిన సీసాలను భోజనం బల్ల మీదకు చేర్చి, ఎవరికి నచ్చింది వారు పోసుకోనివ్వండి. ఏ సీసా ముందు ఖాళీ అయిందో చూస్తే మీ బృందం అభిరుచి మార్కుల కంటే నిజాయితీగా తెలుస్తుంది. కుర్ర ఎర్ర వైన్‌ను మొదట రుచి చూసి వదిలేయకుండా, గంట తర్వాత అదే గ్లాసు దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. గాలి తగిలి అది విచ్చుకున్న తీరు కబుర్ల మధ్య గమనిస్తేనే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నెల ఆగలేక నిన్న రాత్రి ముగ్గురమే కూర్చున్నాము. సాన్సేర్, మార్ల్‌బరో సీసాలు రెండే తెరిచి, కాగితం చుట్టి, మాట్లాడకుండా రాసుకున్నాము. చదివి వినిపించుకున్నప్పుడు, మొదటి గ్లాసు గురించి మా ముగ్గురి మాటలూ వేరువేరుగా ఉన్నాయి: ఒకరు తడిసిన రాయి అన్నారు, ఒకరు నిమ్మతొక్క అన్నారు, నేను ఆకుపచ్చ ఆపిల్ అని రాశాను. వెంటనే మళ్ళీ గ్లాసులు తీసి వాసన చూస్తే, ముగ్గురికీ ఆ మూడూ దొరికాయి. పోయిన వారం ఎనిమిది సీసాల్లో జరగనిది అదే.

తర్వాత నిమ్మచెక్క, ఉప్పు, పంచదార ప్రయోగం చేశాము. పంచదార తర్వాత గుక్క వేసిన మా స్నేహితురాలు, నేను వేరే సీసాలోది పోశానని గట్టిగా వాదించారు. ఆవిడ చూస్తుండగా అదే సీసా నుంచి మళ్ళీ పోసి ఇస్తే తప్ప నమ్మలేదు. మిరియాల సంగతి మా మిత్రునికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చే నెల రెండు షిరాజ్ సీసాలు తానే తెస్తానని, ఎవరెవరికి మిరియం తెలియదో అందరి చేతా పరీక్ష చేయిస్తానని అన్నారు.