నిష్పత్తి పాఠం: బోర్డు మీద చెప్పాలా, కుళాయి దగ్గర చెప్పాలా?

ప్రశ్న:
ఏడో తరగతి, 36 మంది పిల్లలు, పీరియడ్ 40 నిమిషాలు. బడి చుట్టుపక్కల ఇళ్లలో కారే కుళాయిలను కొలిపించి నిష్పత్తి, అనుపాతం చెప్పాలని ఉంది. బోర్డు మీదైతే మూడు పీరియడ్లలో అయిపోతుంది. బయటికి వెళ్తే సిలబస్ వెనకబడుతుందేమో, సరదాగా కొలిచినవాళ్లే పరీక్షలో లెక్క వదిలేస్తారేమో. ఎలా సర్దాలి?

జవాబు 1:
నాలుగు పీరియడ్లు పెట్టుకోండి టీచర్ గారూ. మొదటిది తరగతిలోనే. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం, అనుపాతం లెక్కలు రెండు బోర్డు మీద పూర్తిగా చేసి చూపండి. సూత్రం తెలియకుండా కుళాయి దగ్గరికి వెళ్తే పిల్లల దృష్టంతా గిన్నె పట్టుకోవడం మీదే ఉంటుంది, లెక్క బుర్రకెక్కదు. తర్వాతి రెండు పీరియడ్లు బయట. చివరిది మళ్లీ తరగతిలో, ఎవరి లెక్క వాళ్లే ఒంటరిగా రాయాలి. చాలాచోట్ల ఎగిరిపోయేది ఈ చివరి పీరియడే. మీరు భయపడే పరీక్ష సమస్య అక్కడే పుడుతుంది.

జవాబు 2:
కొలత సంగతి. నలుగురేసి 9 జట్లు చేయండి: ఒకరు గిన్నె, ఒకరు గడియారం, ఒకరు కొలజాడీ, ఒకరు నోటుపుస్తకం. ఒక్కో కొలత 5 నిమిషాలు, మొత్తం నాలుగు. ప్రతి కొలతకీ పనులు మారిస్తే ఒక్కరే అంతా చేసేయడం ఉండదు. రానుపోను 10 నిమిషాలు, కొలతలకు 20, రాసుకోవడానికి 10. కొలజాడీ లేకపోతే సూది లేని 10 మి.లీ. సిరంజి చాలు.

5 నిమిషాలకు 12 మి.లీ. పడితే గంటకు 144, రోజుకు 3,456 మి.లీ., అంటే దాదాపు మూడున్నర లీటర్లు. గంటలో 5 నిమిషాలు 12 సార్లు వస్తాయి కాబట్టి 12తో గుణించాలి. ఇక్కడ పిల్లలు 60తో గుణిస్తారు, గంటకు 720 వస్తుంది. వెంటనే దిద్దకండి. గంటసేపు గిన్నె పెట్టి చూడమనండి.

నాలుగు కొలతలూ పొంతన లేకుండా వస్తే మధ్యలో ఎవరో కుళాయి తిప్పి ఉండొచ్చు. మొదటి నుంచి కొలవాలి. 9 కుళాయిలు దొరక్కపోతే బడి కుళాయినే చుక్కలు పడేలా వదులు చేసి, ఆ నీళ్లు మొక్కలకు పోయించండి.

జవాబు 3:
ఇంటివాళ్ల అనుమతి ముందురోజే తీసుకోండి. వీలైతే ప్లంబర్‌ను బయటి పీరియడ్లలో రెండోదానికి పిలవండి. ఆయన చేత ఉపన్యాసం ఇప్పించకండి. పిల్లల ముందు వాషర్ మారిస్తే చాలు. మళ్లీ అదే గిన్నెతో అదే 5 నిమిషాలు కొలిపించి, తేడాను చీటీ మీద రాసి ఇంటివాళ్లకు ఇప్పించండి. తమ లెక్కను ఆ ఇల్లు నమ్ముతుందని తెలిస్తే పిల్లలు తప్పు లేకుండా చూసుకుంటారు. బోర్డు ఇవ్వలేనిది అదే.

ప్రశ్న అడిగినవారు:
మరి నేర్చుకున్నారని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1:
కుళాయి లేని లెక్క ఇవ్వండి. 30 సెకన్లకు 4 లీటర్లు పోసే పైపు 500 లీటర్ల ట్యాంకును ఎంతసేపట్లో నింపుతుంది? జవాబు 62.5 నిమిషాలు. కుళాయి లెక్క చేసి ఇక్కడ తడబడితే మెట్లు కంఠస్థం చేశారనే. వాళ్లకు మాత్రం బోర్డు మీద మరో రెండు లెక్కలు చేసి చూపండి. మళ్లీ బయటికి తీసుకెళ్లక్కర్లేదు.